ఎనిమిది గంటలు నిండాలె

"మూడు గంటలకు మిషన్ ఇప్పిండు. సంతకం పెట్టిండు. బెల్లం ముక్క తీసుకున్నడు. పోయిండు. గంతే మేడం, నాకెర్కున్నది గదే."

రాజమల్లయ్య ఈ మాటలు చెప్పుడు ఇది మూడోసారి. మూడుసార్లల్ల ఒక్క ముక్క అటు ఇటు కాలేదు. ప్రమీలాదేవికి అక్కడ్నే అనుమానం తాకింది. నిజం చెప్పేటోడు ఒకసారి బెల్లం మర్చిపోతడు, ఇంకోసారి సంతకం మర్చిపోతడు. బట్టీ పట్టినోడే ఏదీ మర్చిపోడు.

బుధవారం పొద్దుగాల పదిన్నర. అక్కన్నపేట అవతల కంకర క్వారీ, కూలోళ్లు సద్ది తినే రేకుల షెడ్డు. సోమవారం సాయంత్రం అయిదున్నరకు బండను మెట్లు మెట్లుగ తొలిచిన ఈ క్వారీల మూడో మెట్టు కింద జయరాజ్ అనే డ్రిల్లరు శవం దొరికింది. ముప్పై నాలుగేండ్ల మనిషి. పక్కపొంటి కల్లు సీసా. అంతే, పోలీసులకు పని అల్కగైంది. క్వారీ పక్కన ఈతచెట్లు గీసే పోశయ్యను మంగళవారం సాయంత్రం పట్కపోయి లోపటేసిన్రు. మందు కలిపిన కల్లు పోసిండు, తాగినోడు మెట్టు మీదికెల్లి పడి సచ్చిండు అని కేసు. ఇయ్యాల నాలుగు గంటలకు జీపెక్కిచ్చి మేజిస్ట్రేటు దగ్గరికి తోలుతరు. పోశయ్యకు అరవై రెండేండ్లు, సుగరు, దినాం రెండు సూదులు. "గా ముసలోడు జైలుకు పోతే మల్ల రాడమ్మా" అని ఆయన భార్య దుర్గవ్వ పొద్దుగాల ఆరింటికే సిద్దిపేటల ప్రమీలాదేవి ఇంటి అరుగు మీద వచ్చి కూసున్నది.

ప్రమీలాదేవి పద్దెనిమిదేండ్లు పోలీసుల చేసింది. ఆరేండ్ల కింద ఆ టోపీ వాళ్ల మొఖాన కొట్టి సొంతంగ డిటెక్టివ్ పని పెట్టుకున్నది. నలభై నాలుగేండ్ల మనిషి. ఓపిక తక్కువ, చెవులు ఎక్కువ.

"సోమవారం ఒక్కనాడే జయరాజ్ నడుముకు మిషన్ కట్టిన్రు గద, ఎందుకు?"

"దుమ్ము డబ్బా మేడం గది. సర్కారు రూలు." రాజమల్లయ్య రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటుండు. "నడుముకు డబ్బా. కాలరుకు పైపు. మేం పీల్చే గాలే అది గుంజుతది. ఎనిమిది గంటలు నిండాలె. నిండినంక అండ్లున్న దుమ్మును తూకం ఏస్తరు. ఎక్కువొస్తే క్వారీ బంద్."

"ఎనిమిది గంటల్ల నడుమ ఆగితే?"

"శాంపిలు పాడైనట్టు. ఎందుకు ఆగిందో రాసియ్యాలె."

"మీరంత మూడింటిదాంక ఉన్నరా?"

"లే. దుమ్ము అణుచుటానికి పెట్టిన నీళ్ల ట్యాంకరు అయిపోయిందని పన్నెండుకే అందర్ని ఇంటికి తోలిన్రు. డబ్బా కట్టుకున్నందుకు జయరాజ్ ఒక్కడున్నడు. బెల్లం పంచేటోన్ని గావట్టి నేనున్న."

ఆ బెల్లం సంగతి గూడ ఆమెకు అప్పుడే తెలిసింది. ఈ క్వారీల మాస్కులుండయి. పొద్దుగాల ఎక్కేటప్పుడు ఒక ముక్క, దిగేటప్పుడు ఒక ముక్క బెల్లం ఇస్తరు. అందరికంటె పెద్దోడు రాజమల్లయ్య పంచుతడు.

"బెల్లం తింటే దుమ్ము గొంతులకెల్లి కడుపులకు జారుతది మేడం. మా బాపు గూడ బండ కొట్టినప్పుడు గట్లనే తిన్నడు."

"మీ బాపు ఏమైండు?"

"దగ్గి దగ్గి సచ్చిండు."

చెప్పినంక ఆయనకే ఎట్లనో అనిపించినట్టుంది, తల కిందికేసిండు.

"ఎక్స్‌రే తీస్తరా మీకు?"

"ఏడాదికోసారి. నాకు మూడుసార్లు తీసిన్రు. మంచిగున్నదని హరీశ్ సారు చెప్పిండు."

జయరాజ్ జేబుల రెండు బెల్లం ముక్కలు దొరికినయని పంచనామాల ఉన్నది. ఆయన తినకపోయేది, బిడ్డ స్నేహకని ఇంటికి కొంటవోయేది. రెండో ముక్క మూడు గంటలది. అంటే మూడు గంటలకు మనిషి బతికున్నట్టే. పోలీసుల లెక్క అక్కడికి గట్టిగనే ఉన్నది. "ఆ ముక్క నువ్వు చేతికిచ్చినవా?" అని ఆమె అడిగితే రాజమల్లయ్య "ఇచ్చిన" అన్నడు. బట్టీ పట్టినదాంట్ల ఈ ప్రశ్న లేనట్టుంది, చెప్పుటానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

మూడో మెట్టు మీదికి ఆమెను హరీశ్ తీస్కపోయిండు. క్వారీల సేఫ్టీ ఆఫీసరు. తెల్ల టోపీ, తెల్ల అంగీ, రాళ్లల్ల పనిచేసేటోని బూట్లు గంత తళతళ ఎట్ల మెరుస్తయో దేవునికే తెలవాలె.

"పాపం జయరాజ్. మంచి వర్కర్ మేడం. తాగుడే పాడుచేసింది."

"ఎప్పుడు పడ్డడంటరు?"

"పోలీసులు నాలుగున్నర అంటున్నరు. మూడింటికి పోయిండు, తాగిండు, మర్చిపోయిన సద్దిగిన్నె కోసం మల్ల ఎక్కిండు, జారిండు."

మెట్టు అంతట బూడిదరంగు బురద ఎండి పెచ్చుకట్టి ఉన్నది. అంచు దగ్గర మోచెయ్యంత పొడుగు గీత. చెప్పు మడిమె జారిన గీత, అంచుదాంక పోయి అక్కడ తెగింది. ప్రమీలాదేవి కూసోని వేలు పెట్టి చూసింది. గీత అంచులు మెత్తగ ఒత్తుకున్నయి, ఎక్కడ పగుళ్లు లేవు. తడి బురదల పడ్డ గీత.

ఆమె తన నీళ్ల సీసా మూత తీసి పక్కనున్న దుమ్ము మీద ఒంపింది. గడియారం చూసుకున్నది. పదకొండు అయిదు.

"ఏం చేస్తున్నరు మేడం?"

"ముగ్గేస్తున్న."

నెత్తి మీద మే నెల ఎండ. పదకొండు ఇరవైకి పైన పొర కట్టింది. పదకొండు నలభైకి చెప్పుకాలుతోని గట్టిగ తొక్కింది. గుర్తు పడలేదు, జారుడు అసలే లేదు.

"సోమవారం ఎన్ని ట్యాంకర్ల నీళ్లు పెట్టిన్రు?"

"ఒకటే. పన్నెండుకు అయిపో..." అని హరీశ్ నాలుక కరుచుకున్నడు.

"పన్నెండుకు నీళ్లు బంద్. పన్నెండున్నర దాటితే ఈ మెట్టు సిమెంటు. నాలుగున్నరకు ఎక్కినోడు తడి బురదల ఎట్ల జారిండు హరీశ్?"

"పాత గుర్తు కావచ్చు. మాది ఎప్పటికీ తడి డ్రిల్లింగే."

ఆమె తాళంచెవి తీసి పెచ్చు లేపింది. కింద బెత్తెడు మందం పొడి దుమ్ము, పిండి లెక్క. ఇంకో తడి పొర జాడ లేదు. దుమ్ము డబ్బా వచ్చిన దినమే వీళ్లు నీళ్లు ఇడుస్తరు. మిగతా దినాలు పొడి డ్రిల్లింగే, దుమ్ము మొత్తం కూలోళ్ల రొమ్ములకే. పొడి రాయి మీద అరిగిన చెప్పులతోని నడిచి అలవాటైన జయరాజ్‌కు ఆ ఒక్కనాటి తడి కొత్త. కూలోళ్ల పానాలు కాపాడుటానికి పెట్టిన నీళ్లే, పెట్టిననాడే, మనిషిని కిందికి జార్చినయి.

ఆఫీసు గది మాత్రం చల్లగున్నది, ఏసీ. హరీశ్ ఫోను మోగితే బయటికి పోయిండు. బల్ల మీద 'ఆరోగ్య పరీక్షలు' అని రాసి ఉన్న రిజిస్టరు. ఆమె తెరిచి ఫోనుతోని ఒక పేజీ ఫోటో తీసింది. రెండోది తీసేలోపల రిజిస్టరు చేతులకెల్లి మాయమైంది.

"ఇది ప్రైవేటు మేడం."

"కొన్ని పేర్ల ముందట ఎర్రసుక్కలున్నయేంది?"

"ఎక్స్‌రేకు రానోళ్లు."

మూడుసార్లు తీయించుకున్న రాజమల్లయ్య పేరు ముందట గూడ ఎర్రసుక్క ఆమెకు కనపడ్డది. ఏం మాట్లాడలేదు. బయటికొచ్చి స్కూటీ మీద కూసోని హైదరాబాద్ ల్యాబుకు ఫోను కొట్టింది. క్వారీలకు దుమ్ము డబ్బాలు కిరాయికిచ్చేది ఆ ల్యాబే. ఫోను ఎత్తింది వినీత అనే టెక్నీషియన్. సగం తల్లి లెక్క, సగం పోలీసు లెక్క మాట్లాడి సంగతి రాబట్టుడు ప్రమీలాదేవికి అలవాటు. పావుగంటల వినీత దారికొచ్చింది.

"రిపోర్టు లిమిట్లనే ఉంది మేడం. నిన్ననే పంపించినం. దాన్ని చూసి ఇయ్యాల పొద్దున వాళ్ల పర్మిషన్ రెన్యువల్ గూడ అయిపోయిందట."

"రిపోర్టు కాదు బిడ్డా, డబ్బా ఏం చెప్తది?"

"డబ్బానా?" వినీత కొంచెం ఆగింది. "ఈసారి పంపింది కొత్త రకం. కొంతమంది డబ్బాను చెట్టుకు తగిలేసి మంచి గాలి పట్టిస్తున్నరని, వేసుకున్న మనిషి కదలికను గూడ నిమిషం నిమిషం రాసుకునేటివి తెప్పించినం. క్వారీలోళ్లకు చెప్పలేదు. చెప్తే దానికి గూడ ఏదో ఉపాయం పెడుతరు."

"ఆ కాయితం నాకు మూడున్నరలోపల కావాలె. ఒక ముసలాయన పానం ఉన్నది అండ్ల."

పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, అరచేయంత డబ్బా.

ఠాణ మెట్లెక్కేసరికి మూడుంబావు. సి.ఐ. శైలేందర్ ఆమెను చూసి లేవలేదు. ఎఫ్ఐఆర్ ఎట్ల రాయాలెనో నేర్పింది ఈమెనే. నేర్పినోళ్ల ముందట లేచి నిలబడుడు కొంతమందికి నామోషీ.

"రండి మేడం. కల్లు గీసే ముసలోనికి గూడ డిటెక్టివా? బాగుంది."

"కల్లు జయరాజ్ కడుపుల ఉన్నదా, అంగీ మీద ఉన్నదా శైలేందర్?"

"ల్యాబు రిపోర్టు రావాలె."

"రాకముందే మనిషిని లోపటేసినవు."

"వాసనొచ్చింది. సీసా దొరికింది. పాత పగ ఉన్నది."

లాకప్ల కటకటాలు పట్టుకోని పోశయ్య గొంతు చించుకున్నడు. "ఏం పగ బిడ్డా! రెండేండ్ల సంది నా కల్లు లొట్ల మీద గీ క్వారీ దుమ్ము తెల్లగ పొర కడుతుంది. కల్లు ఎవడు తాగుతలేడు. ఇదేంది సారూ అని హరీశ్‌ను అడిగిన. గదే నా తప్పు!"

"నోర్ముయ్!" శైలేందర్ బల్ల గుద్దిండు. ఆమె దిక్కు తిరిగిండు. "నీ దగ్గరేమున్నదో చెప్పు. నాలుగింటికి జీపు పోవాలె."

ఆమె బురద సంగతి చెప్పింది. నీళ్లు, ఎండ, ముప్పై అయిదు నిమిషాల లెక్క. పన్నెండున్నర లోపలే పడ్డడు అన్నది.

శైలేందర్ నవ్విండు. "పోస్టుమార్టం చేసిన డాక్టరు ఏమన్నడో తెలుసా? పానం పోయింది మూడున్నరకు, అయిదుకు నడుమ. మూడు గంటలకు సంతకం. మూడు గంటల బెల్లం జేబుల. నీ బురద మాట నమ్మాలెనా, డాక్టరు మాట నమ్మాలెనా? రిటైరైనోళ్లు ఇంట్ల సీరియల్ చూడాలె ప్రమీలక్కా."

"రిటైరు కాలేదు. నీ అసుంటోళ్ల తోని ఏగలేక ఇడిసిపెట్టిన."

గోడకున్న బల్ల మీద రాజమల్లయ్య కూసోని ఉన్నడు. పోశయ్య మీద సాక్షి సంతకానికి క్వారీ జీపుల తెచ్చి దించిన్రు. ఆమెను చూసిన కాన్నుంచి దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున ఉన్నడు.

మూడు ముప్పై ఆరుకు ఆమె ఫోను టింగుమన్నది. వినీత పంపిన కాయితం. ప్రమీలాదేవి ఒకసారి చదివింది. మల్ల చదివింది. కుర్చీ గుంజుకోని రాజమల్లయ్యకు ఎదురుంగ కూసున్నది.

"శైలేందర్, ఇటు రా. ఇది సోమవారం డబ్బా రాసుకున్నది. ఏడు గంటల నుంచి పదకొండు యాభై ఒకటి దాంక మనిషి ఆగకుండ కదులుతుండు. డ్రిల్లు కొడుతుండు. పదకొండు యాభై రెండుకు ఒక్కసారే పెద్ద దెబ్బ."

"పడ్డడు" అన్నడు శైలేందర్, తనకు తెల్వకుండనే.

"పదకొండు యాభై ఎనిమిదికి కొంచెం కదిలిండు. పన్నెండు ఏడుకు కొంచెం. పన్నెండు పంతొమ్మిదికి కొంచెం. పన్నెండు ముప్పై ఒకటికి డబ్బాను ఎవరో ఇప్పిన్రు. అక్కడికెల్లి మూడు గంటల దాంక ఊకె కూసున్న మనిషి కదలిక."

"అంటే డాక్టరు తప్పు చెప్పిండా?"

"డాక్టరు మాట నిజం. బురద నిజం. పడ్డది పన్నెండుకు. సచ్చింది నాలుగింటికి."

శైలేందర్ మొఖంల నెత్తురు లేదు. ఎంత పొగరుబోతైనా మనిషే గద, నాలుగు గంటలు అంటే ఎంతసేపో వానికి గూడ తెలుసు.

"రాజమల్లన్నా" అన్నది ఆమె. గొంతు లేపలేదు. "ఆ రెండున్నర గంటలు డబ్బా ఎవల నడుముకున్నది?"

"నాకే బిడ్డా" అన్నడు.

అన్నంక ఇగ ఆగలేదు.

"జయరాజ్ పడుడు హరీశ్ సారు కండ్లార చూసిండు. మాకు చెప్పలే. షెడ్డుల ఏడుగురం ఉన్నం. నీళ్లు అయిపోయినయి, ఇంటికి పోండ్రి అని అందర్ని తోలిండు. నన్నొక్కన్ని రమ్మన్నడు. దిగి చూస్తే వాడు ఎల్లెలకల పడున్నడు. నడుం ఇరిగింది. కాళ్లు లేస్తలేవు. 'మామా నీళ్లు' అన్నడు."

"ఇచ్చినవా?"

"ట్యాంకరు అయిపోయింది బిడ్డా. షెడ్డుకు పోయి తెస్తనంటే సారు పోనియ్యలే. డబ్బా ఆగితే శాంపిలు పాడైతది, ఎందుకాగిందో రాయాలె, బుధారం పర్మిషన్ ఉన్నది, ఎనిమిది గంటలు నిండాలె, నువ్వు కట్టుకో అన్నడు. మూడు కొట్టంగనే అంబులెన్స్ పిలుస్త అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. నన్ను ఏసీ గదిల కూసోపెట్టిండు. వాడు ఎండల ఉన్నడు."

లాకప్ల పోశయ్య కటకటాలు ఇడిసిపెట్టి కింద కూలబడ్డడు.

"మూడు కొట్టినంక?"

"డబ్బా ఇప్పిచ్చుకొని, కాయితం మీద జయరాజ్ సంతకం సారే పెట్టిండు. నేను బెల్లం ముక్క పట్టుకోని ఉరికిన. ఇంక బతికే ఉన్నడు. కండ్లు తెరిచిండు. 'స్నేహకు' అన్నడు. జేబుల పెట్టిన. అంబులెన్స్ ఏది సారూ అని పైకెక్కుతుంటే..." దగ్గు అడ్డం పడ్డది. రొమ్ము పట్టుకోని వంగిండు. "సారు ఎదురొస్తుండు. చేతుల కల్లు సీసా. బతికితే వీడు నోరు తెరుస్తడు మల్లన్నా, నువ్వు ఇంటికి పో అన్నడు. పోయిన. నేను పోయిన బిడ్డా."

ప్రమీలాదేవికి ఆయన చెంప పగలగొట్టాలెననిపించింది. ఆయన మీద జాలి గూడ పుట్టింది. రెండు ఒక్కసారే వచ్చినయి, దేనికి జాగ ఇయ్యాలెనో తెలవలేదు.

శైలేందర్ టోపీ తీసి బల్ల మీద పెట్టిండు. "హరీశ్‌ను తీస్కరాండ్రి" అని కానిస్టేబుల్ మీద అరిచిండు. లాకప్ తాళం తనే తీసిండు. "ఏడుగుర్ల నిన్నొక్కన్నే ఎందుకు పిలిచిండు?" అని రాజమల్లయ్యను అడిగిండు.

"పెద్దమనిషివి, నమ్మకస్తునివి అన్నడు సారూ."

ప్రమీలాదేవికి ఎర్రసుక్క యాదికొచ్చింది. ఫోనుల ఫోటో తెరిచి వేళ్లతోని పెద్దగ చేసింది. పొద్దుగాల అంతుపట్టని డాక్టరు రాత ఇప్పుడు ఒక్కో అక్షరం కనపడ్డది. ఆమె ఫోనును శైలేందర్ దిక్కు తిప్పింది. ఆయన చదివి కిటికీ దిక్కు చూసిండు.

"ఏమున్నది బిడ్డా గండ్ల?" అన్నడు రాజమల్లయ్య. "నా ఎక్స్‌రేనా? మంచిగున్నదన్నరు గద?"

అబద్ధం చెప్తే ఈ రాత్రి ఆయన నిద్రపోతడు. నిజం చెప్పకపోతే రేపు హరీశ్ వకీలు చెప్తడు, వాయిదాల మీద వాయిదాలు అడుగుకుంట.

"నీ పేరు ముందట ఎర్రసుక్క పెట్టిన్రు. నీ రెండు ఊపిరితిత్తుల్ల రాతిదుమ్ము గడ్డకట్టింది రాజమల్లన్నా. ముదిరింది, వెంటనే పని మాన్పియ్యాలె అని డాక్టరు రాసిండు. రెండేండ్ల కింద. హరీశ్ అది చదివే నిన్ను పిలిచిండు. కేసు కోర్టుకొచ్చేదాంక నువ్వుండవని ఆయనకు తెలుసు."

ముసలాయన ఏడుస్తడనుకున్నది. ఏడవలేదు. జేబుల చెయ్యిపెట్టి పొద్దుగాలటి బెల్లం ముక్క తీసిండు. దాన్ని అటు ఇటు తిప్పి చూసి బల్ల మీద పెట్టిండు.

"జయరాజ్ పేరు ముందట గూడ ఎర్రసుక్క ఉన్నదా?"

"లేదు. కొత్తగ చేరిండు గద. ఆయన ఊపిరి మంచిగున్నది."

"గందుకే" అన్నడు రాజమల్లయ్య, "నాలుగు గంటలు కొట్టుకున్నది."

గడియారం నాలుగు కొట్టింది. బయట పోశయ్య కోసం తెచ్చిన జీపు మోగుతుంది. "మేజిస్ట్రేటు అయిదింటికి కోర్టుల నుంచి లేస్తడు" అన్నడు శైలేందర్. "ఇయ్యాల ఆయన ముందట చెప్పిందే సాక్ష్యం. రేపటి మీద నాకు నమ్మకం లేదక్కా."

కానిస్టేబుల్ ఉరుక్కుంట లోపటికొచ్చిండు. "సార్, హరీశ్ క్వారీల లేడు. ఆఫీసు తాళమేసి ఉన్నది. రిజిస్టర్లు వెనకపొంటి తగలబెట్టిపోయిండు. ఇంక మండుతున్నయట."

ప్రమీలాదేవి రాజమల్లయ్య రెక్క పట్టుకోని లేపింది. ఇప్పుడు లోకంల హరీశ్ పేరు చెప్పేటందుకు మిగిలింది ఒక ఫోటో, ఒక మనిషి. జీపు దాంక పది మెట్లు. మూడో మెట్టు మీద ఆయన ఆగి దగ్గుడు మొదలుపెట్టిండు. చేతిరుమాలు తీసి నోటికి పెట్టుకున్నడు. తీసేసరికి అది ఎర్రగున్నది.

"జల్ది నడువుండ్రి బిడ్డా" అన్నడు.